ఇంకా ఉంది

(తెలుగు భాషా దినోత్సవం సాయంత్రం షాదీపూర్‌లో తెలుగు పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకు వాణ్ణి మాట్లాడమని పిలిచారంటే, ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని చెప్పించుకోవడానికే అనుకున్నాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను: ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఇక అసలు సంగతికి వద్దాం.

పోయిన నెల ఇక్కడే పుస్తకాలు మార్చుకుంటుంటే చిన్న గొడవ జరిగింది. ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకరు, మార్టిన్ గారి ఐదో పుస్తకం మొదటి మూడింటి కాలిగోటికి సరిపోదన్నది. పక్కనున్న కుర్రాడు, అలా అయితే 'బాహుబలి' రెండో భాగం మాటేమిటి, మొదటిదానికన్నా అదే బాగుంది కదా అన్నాడు. చందమామ చదువుతూ పెరిగిన పెద్దాయన, 'రాతిరథం' ముందు 'యక్షపర్వతం' ఏ మూలకన్నారు. రిటైరైన తెలుగు మాస్టారు లేచి, తిక్కనగారు లేకపోతే మీ భారతం అడవిలోనే ఉండిపోయేదన్నారు. చివరికి అందరూ నా వైపు తిరిగి, మీరు బ్యాంకాయన, లెక్క తేల్చండి, పెద్ద కథల్లో ముందు సంపుటాలు గొప్పవా, వెనక సంపుటాలు గొప్పవా అన్నారు. అప్పుడు టీ వచ్చింది కాబట్టి తప్పించుకున్నాను. ఇవాళ తప్పదు.

ముందు మా భాషలో చెబుతాను. మొదటి సంపుటం లోను శాంక్షన్ చెయ్యడం లాంటిది. తరువాతి సంపుటాలు రికవరీ.

శాంక్షన్ రోజు అందరి ముఖాలూ వెలిగిపోతాయి. ఫొటో తీసుకుంటాం, స్వీట్లు పంచుతారు. మొదటి సంపుటంలో రచయిత చేసేది అదే. ఒక కుర్రాడు ఊరు విడిచి బయల్దేరతాడు, వాడికి తెలియని వంశరహస్యం ఒకటుంటుంది, ఎక్కడో చీకట్లో ఎవరో కళ్ళు తెరుస్తారు. ఇవన్నీ మనకి ఇచ్చిన మాటలే. ఆ మాటలన్నీ అయిదో సంపుటంలోనో పదో సంపుటంలోనో తీర్చాలి. రికవరీకి వెళ్ళిన ఆఫీసరుకి ఎవరూ దండ వెయ్యరు. 'ఇన్నాళ్ళూ ఏం చేశావు' అనే ప్రశ్నే ఎదురొస్తుంది. అందుకని మొదటి సంపుటాన్నీ అయిదో సంపుటాన్నీ ఒకే త్రాసులో పెట్టి తూచడం న్యాయం కాదు.

అలాగని వెనక సంపుటాలన్నిటినీ వెనకేసుకు రాను. వసూలు కాని లోన్లు మాకూ ఉంటాయి. మార్టిన్ గారి 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' మొదటి పుస్తకం 1996లో వచ్చింది, మూడోది 2000లో. తరువాత నాలుగోదానికి అయిదేళ్ళు పట్టింది. కథ మరీ పెరిగిపోయిందని రచయిత పాత్రల్ని రెండు భాగాలుగా పంచడంతో, జనం ఎక్కువగా ఎదురుచూసిన కొందరు ఆ నాలుగో పుస్తకంలో కనిపించనే లేదు. వాళ్ళ కథ ఉన్న అయిదోది 2011లో వచ్చింది. ఆరోది ఇంకా రాలేదు. ఆ అమ్మాయి కోపం నాకు అర్థమవుతుంది. అయితే ఆ కోపంలో పుస్తకం మీద ఎంత, ఎదురుచూపు మీద ఎంత అన్నది విడదీసి చూసుకోవాలి. ఇవాళ మొదలుపెట్టి అయిదూ వరసగా చదివేసినవాడు చదివే పుస్తకం వేరు. ఆరేళ్ళు కాచుకుని తెరిచినవాడు చదివే పుస్తకం వేరు. అక్షరాలు మాత్రం అవే.

ఈ ఎదురుచూపు సంగతి మన పెద్దాయనకి తెలిసినంత నాకు తెలియదు. వారి నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చాథమ్ రంపపు మిల్లులో పనిచేశారట. ఆ రోజుల్లో చందమామ ఓడ మీద వచ్చేది. 1947లో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యంగారు 1954లో 'తోకచుక్క' మొదలుపెట్టి, 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' అంటూ పాతికేళ్ళ పాటు పిల్లల్ని నెలనెలా అడవుల్లో, కొండల్లో తిప్పారు. చిత్రగారు వాటికి బొమ్మలు వేశారు. సీరియల్ మీద రచయిత పేరు ఉండేది కాదు. తాము ఎవరి రాత కోసం నెలంతా కాచుకున్నారో చాలామందికి పెద్దయ్యాక గానీ తెలియలేదు.

'రాతిరథం'లో తిరిగిన ఖడ్గవర్మ, జీవదత్తులే 'యక్షపర్వతం'లోనూ వస్తారు కాబట్టి, మన ఇంట్లోనూ మొదటి సంపుటం, రెండో సంపుటం తగాదా ఉన్నట్టే లెక్క. పెద్దాయన 'రాతిరథం' పక్షం. ఎందుకండీ అని అడిగితే కారణం చెప్పారు. 'యక్షపర్వతం' వస్తున్న రోజుల్లో ఓడ ఆలస్యమో, పోస్టు తప్పిందో, మధ్యలో రెండు నెలల సంచికలు రాలేదు. తమ్ముళ్ళు ఊరుకోరు కదా, మధ్యలో ఏమైందో చెప్పమని ఏడుపు. ఈయన ఆ రెండు నెలల కథ సొంతంగా కట్టి చెప్పేశారు. నలభై ఏళ్ళ తరువాత అభిమానులు పూనుకుని ఆ సీరియళ్ళను పుస్తకాలుగా తెచ్చినప్పుడు తెప్పించుకుని, ముందు ఆ రెండు భాగాలే తీసి చదివారట. ఎలా ఉందండీ అన్నాను. 'ఏటుంది బాబూ, నాను కట్టిందే బాగున్నాది' అన్నారు.

నవ్వకండి. అందులో నాకు ఒక సంగతి దొరికింది. కథ ఆగిపోయిన చోట మనం ఊరికే కూర్చోం. మనసులో ఒక తరువాయి రాసుకుంటాం. అసలు సంపుటం వచ్చేసరికి దానికి మన సంపుటం పోటీ అవుతుంది. ఎంత గొప్ప రచయితైనా, పాఠకుడు పదేళ్ళు మనసులో రాసుకున్నదాన్ని గెలవడం కష్టం.

ఇక మాస్టారి మాట. నన్నయగారు పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కోరిక మీద భారతం తెనిగించడం మొదలుపెట్టారు. ఆది, సభా పర్వాలు పూర్తయ్యాయి. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆగిపోయింది. రెండు వందల ఏళ్ళ తరువాత నెల్లూరు నుంచి తిక్కనగారు వచ్చారు. ఆయన ఆ మధ్యలో ఆగిన పర్వం ముట్టుకోలేదు. నేరుగా విరాటపర్వం ఎత్తుకుని చివరిదాకా పదిహేను పర్వాలు పూర్తిచేశారు. అంటే కథకి ముందూ ఉంది, వెనకా ఉంది, మధ్యలో గండి ఉంది. పధ్నాలుగో శతాబ్దంలో అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి దగ్గరున్న ఎఱ్ఱనగారు ఆ గండి పూడ్చారు.

నన్నయ గొప్పా తిక్కన గొప్పా అని మనవాళ్ళు శతాబ్దాలుగా వాదించుకుంటున్నారు. నన్నయ పక్షంవారు అక్షరాల మాధుర్యం అంటారు. తిక్కన పక్షంవారు, మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్టు ఉంటుందంటారు. వానలు పడకపోతే ఊళ్ళల్లో చదివించేది విరాటపర్వమే కదా అని ఒక ఓటు అదనంగా వేస్తారు. ఇంగ్లీషు ఫాంటసీ చదివే పిల్లలు ఇవాళ చేస్తున్న వాదం మన తాతలు తాటాకుల కాలం నుంచీ చేస్తున్నదే. ఈ తగాదాలో ఎఱ్ఱన పేరు ఎవరూ గట్టిగా ఎత్తరు. నాకు మాత్రం ఆయన దగ్గరే పని ఉంది.

ఎందుకంటే ఆయన చేసింది అచ్చంగా చార్జ్ తీసుకోవడం. మాలో ట్రాన్స్‌ఫర్ అయిన ప్రతివాడికీ తెలుసు. ఇంకొకరు తెరిచిన ఫైలు, ఇంకొకరు ఇచ్చిన మాట, ఇంకొకరి చేతిరాత. మొదటి రోజు కౌంటర్ దగ్గర వినిపించేది ఒకటే మాట: 'ముందు సారు అయితే ఇలా చేసేవారు కాదండీ.' నేను ఇక్కడ చేరిన మొదటి నెలలో ఒక పడవ ఇంజను లోను ఫైలు నా ముందుకొచ్చింది. కాగితాలన్నీ ఉన్నాయి, సగంలో ఉంది. దాన్ని పక్కన పెట్టి కొత్తగా నా పద్ధతిలో రాయించాలని నాకు బుద్ధి పుట్టింది. నా పేరు మీద నీటుగా ఉంటుంది కదా. ఆ పడవతను అన్నాడు, 'సార్, మళ్ళీ మొదట్నించీ అంటే సీజను అయిపోద్ది.' సిగ్గేసింది. ఉన్న ఫైలు ఉన్నచోట నుంచి నడిపించాను.

ఎఱ్ఱనగారు ఏం చేశారో చూడండి. నన్నయ ఆపిన చోట నన్నయలాగే మొదలుపెట్టి, పోనుపోను తిక్కన ధోరణిలోకి తెచ్చి కలిపారని పెద్దలు చెబుతారు. అతుకు కనపడకూడదు, అదీ ఆయన పట్టుదల. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. తన రాజు వేమారెడ్డి బతికి ఉన్నాడు, అన్నం పెడుతున్నాడు. అయినా ఈ భాగాన్ని ఆయనకి అంకితం ఇవ్వలేదు. సుమారు మూడు వందల ఏళ్ళ కిందటి రాజరాజనరేంద్రుడికే ఇచ్చారు, నన్నయగారే పూర్తిచేసి ఉంటే ఎవరికి చెందేదో వారికే. తన రాజుకి వేరే 'హరివంశం' రాసి ఇచ్చారు. ఎవరి ఖాతాలో పడవలసింది వారి ఖాతాలోనే పడింది. ఇంతకన్నా మంచి హ్యాండోవర్ నేను చూడలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను.

నాకు ఈ ద్వీపాలకి ట్రాన్స్‌ఫర్ వచ్చినప్పుడు మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. చదువు మధ్యలో కదిలించలేక వాణ్ణీ, వాళ్ళమ్మనీ విజయనగరంలో మా బావమరిది ఇంట్లో ఉంచి ఒక్కణ్ణే వచ్చాను. విశాఖలో ఓడ ఎక్కేటప్పుడు వాడు ఒక లావుపాటి పుస్తకం చేతిలో పెట్టాడు. రాబర్ట్ జోర్డాన్ 'ది వీల్ ఆఫ్ టైమ్' మొదటి సంపుటం. 'మూడు రోజులు సముద్రమే కదా నాన్నా, చదువుకో. మొత్తం పధ్నాలుగు ఉన్నాయి' అన్నాడు. పధ్నాలుగా అన్నాను. రాముడి వనవాసం లెక్క గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం.

అప్పటి నుంచీ ఆదివారం ఫోన్లో మా మాటలన్నీ ఆ పుస్తకాలే. చదువు గురించి అడిగితే 'బానే ఉంది', ఆరోగ్యం అడిగితే 'బానే ఉంది'. పుస్తకం గురించి అడిగితే గంట మాట్లాడేవాడు. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చింది కాబట్టి సరిపోయింది. అంతకు ముందైతే ఆ గంట కూడా దక్కేది కాదని ఇక్కడివారు చెబుతారు.

ఆ పుస్తకాల చరిత్ర తెలియనివారికి రెండు ముక్కలు. మొదటి సంపుటం 1990లో వచ్చింది. ఏడెనిమిది సంపుటాలు దాటాక కథ నత్తనడక పట్టిందని అభిమానులే విసుక్కోవడం మొదలుపెట్టారు. 2003లో వచ్చిన పదోదాని మీద విసుగు మరీ ఎక్కువ. తొమ్మిదోదాని చివర ఒక మహత్తర ఘట్టం జరుగుతుంది. పదోదానిలో చాలా భాగం, అది జరుగుతున్నప్పుడు మిగతావాళ్ళు ఎక్కడెక్కడ ఏం చేస్తున్నారో చెబుతుంది. 2007లో జోర్డాన్ కథ పూర్తికాకుండానే జబ్బుతో చనిపోయారు. నోట్సు వదిలి వెళ్ళారు, ముగింపు ఘట్టం రాసి ఉంచారు. ఆయన భార్య హ్యారియెట్ ఆ పుస్తకాల ఎడిటర్ కూడా. బ్రాండన్ శాండర్సన్ అనే కుర్ర రచయితని ఆమే పిలిచి పని అప్పజెప్పారు. ఒక్క సంపుటం అనుకున్నది మూడయింది. చివరిది 2013లో వచ్చింది.

చివరి మూడూ ఎలా ఉన్నాయన్నది ఇప్పటికీ తగాదాయే. కథ మళ్ళీ పరుగెత్తిందని కొందరు, ఆ గొంతు పోయిందని కొందరు. మాట్ అనే అల్లరి పాత్ర మొదట్లో తన చేతిలో సరిగా కుదరలేదని శాండర్సనే ఒప్పుకున్నారు. మా అబ్బాయి శాండర్సన్ పక్షం. నేనేమో చివరి మూడూ తెరవకుండానే జోర్డాన్ పక్షం. 'మొదలుపెట్టినవాడి చెయ్యే వేరురా' అనేవాణ్ణి. 'మొదలుపెట్టినవాడు లేడు కదా నాన్నా, ఉన్నవాడే కదా పూర్తి చెయ్యాలి' అనేవాడు.

మేం పుస్తకాల గురించే మాట్లాడుకుంటున్నామని అనుకున్నాను. కాదని చాలా ఆలస్యంగా తెలిసింది.

పదో సంపుటం నావల్ల కాలేదు. మూడుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. ఒక ఆదివారం, 'దీంట్లో ఏం జరగదట కదరా, నువ్వు క్లుప్తంగా చెప్పెయ్, నేను పదకొండోది మొదలుపెడతాను' అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: 'నువ్వు లేని ఈ మూడేళ్ళు కూడా క్లుప్తంగా చెప్పెయ్యమంటావా నాన్నా?'

కోపంగా అనలేదు. అదే కష్టం అనిపించింది. అవతల ఫోను పెట్టేశాక చాలాసేపు వరండాలో కూర్చున్నాను. నిజమే కదా. ప్రతి ఆదివారం నేను అడుగుతున్నది సారాంశమే. మార్కులెన్ని, ఫీజు కట్టావా, జ్వరం తగ్గిందా. వాడి పదో సంపుటం నేను చదవలేదు. ఏమీ జరగని రోజులు, మెస్సులో తిండి, స్నేహితుడితో మాటలు పోవడం, మామయ్యతో కలిసి సైకిలు బాగుచేసుకోవడం, ఇవేవీ నాకు తెలియవు. ఇక్కడ నా రోజులూ అంతే. బ్రాంచి, వాన, ఓడ ఎప్పుడొస్తుందన్న మాట. అవీ వాడికి తెలియవు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ మూడేళ్ళూ మా బావమరిదంటే నాకు లోపల కొంచెం మంటగా ఉండేది. వాడికి ఏ కష్టమొచ్చినా 'మామయ్యతో చెప్పాను' అనేవాడు. శాండర్సన్‌ని నేను తెరవకుండానే ఎందుకు తిట్టానో అప్పుడు తెలిసింది. ఆ వేసవిలో సెలవు మీద వెళ్ళినప్పుడు మా ఆవిడ ఒక మాట చెప్పింది. కాలేజీ ఎంచుకునేటప్పుడు గానీ, బండి కొనాలా వద్దా అన్నప్పుడు గానీ, మా బావమరిది ప్రతిసారీ 'మీ నాన్న అయితే ఏం చేసేవాడో ఆలోచించి అది చేద్దాం' అనేవాడట. నాకు ఎఱ్ఱనగారు గుర్తొచ్చారు. రాసింది ఆయన, అంకితం పాత రాజుకి. మా బావ చేతులు పట్టుకుని ఏదో అనబోయాను. 'కాఫీ చల్లారిపోతోంది బావా' అని మాట మార్చేశాడు.

తిరిగి వచ్చాక పదో సంపుటం మొదటి పేజీ నుంచి చదివాను. నాలుగు నెలలు పట్టింది. బాగుందా అంటే, నెమ్మదిగా ఉంది, ఆ విమర్శ నిజమే. కానీ అది లేకుండా పదకొండోది చదివితే ఆ మనుషులు ఎందుకు అలసిపోయి ఉన్నారో తెలియదు. ఆదివారాలు ఇప్పుడు నేను సారాంశం అడగడం లేదు. 'సోమవారం నుంచి చెప్పరా' అంటాను. మొదట్లో నవ్వాడు. ఇప్పుడు చెబుతున్నాడు.

మనం కూర్చున్న ఈ షాదీపూర్ గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. 1858 నుంచి ఈ ద్వీపాలకి శిక్ష పడ్డవాళ్ళని తెచ్చారు. కొన్నేళ్ళు గడిచాక ఆడవాళ్ళకి, మగవాళ్ళకి పెళ్ళి చేసుకుని కాపురం పెట్టుకునే అనుమతి ఇచ్చేవారు. ఆ పెళ్ళిళ్ళ వల్లే ఈ పేటకి ఈ పేరు వచ్చిందని ఇక్కడి పెద్దలంటారు. మొదటి సంపుటం సముద్రానికి అవతలే తెగిపోయిన మనుషులు వాళ్ళు. భాష ఒకటి కాదు, కులం ఒకటి కాదు, ఊరు ఒకటి కాదు. ఇక్కడ రెండోది మొదలుపెట్టారు. ముందుదానితో పోలిస్తే ఎలా ఉందని వాళ్ళని ఎవరూ అడగలేదు. అడిగినా, వెనక్కి వెళ్ళి చదువుకునే వీలు వాళ్ళకి లేదు. ఊరికి శ్రీ విజయపురం అని కొత్త పేరొచ్చింది గానీ, ఈ పేట పేరు ఇంకా షాదీపూరే.

కాబట్టి నా తీర్పు ఇది. మొదటి సంపుటాన్ని ప్రేమించండి, తప్పులేదు. తరువాతిదాన్ని తిట్టే ముందు మాత్రం రెండు సంగతులు చూడండి. మొదటిది చేసిన అప్పు ఎంత, ఇది ఎంత తీర్చింది. రాసిన చెయ్యి మారితే, ఆ కొత్త చెయ్యి కథని ఎవరి ఖాతాలో వేసింది. ఆ తరువాత కూడా బాగోలేదనిపిస్తే నిరభ్యంతరంగా తిట్టండి, నేనూ కలుస్తాను. చదవకుండా మాత్రం వద్దు. ఆ తప్పు నేను చేశాను.

వచ్చే నెల ఇక్కడికి వచ్చేటప్పుడు, మీరు సగంలో వదిలేసిన సంపుటం ఒకటి తీసుకురండి. ఒకరు వదిలింది ఇంకొకరు అందుకుందాం.

చివరగా ఒక విన్నపం. ఇక్కడ నా గడువు దగ్గర పడింది. నా తరువాత వచ్చే ఆఫీసరు కోసం ఒక నోటు రాస్తున్నాను. కాగితాల్లో లేనివి, నేను మాటగా ఒప్పుకున్నవి కూడా అందులో రాస్తున్నాను. ఆయన వచ్చిన మొదటి రోజే 'ముందు సారు అయితే' అనకండి. ఒక ఆరు నెలలు చదవండి.

డిసెంబరులో మా అబ్బాయి వస్తున్నాడు. పదమూడోది అయిపోయింది, పధ్నాలుగోది ఇంకా తెరవలేదు. ఇక్కడ, వాడి ఎదురుగా కూర్చుని చదవాలని ఉంచాను.

సెలవు.